నలభై రోజుల కాపడం

ధనశ్రీ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. బొటనవేలి గోరుతో ఒక్క గిల్లు గిల్లితే తలతో పాటు పేగు కూడా వచ్చేస్తుంది. చేప బేసిన్‌లోకి, తల పిల్లి కోసం పరిచిన కాగితం మీదికి. నిన్నటివి వాకిట్లో వలగుడ్డ మీద ఎండుతున్నాయి. బేసిన్ సగం నిండేసరికి లోపల అటక మీద ఇనుము గీరుకున్న చప్పుడైంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో వినపడని చప్పుడు అది.

అత్త చిట్టమ్మ పెనం దించుతోంది.

అట్లు పోసుకునే పెనం కాదు. కాపడం పెనం. రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. దాని మీద నల్ల ఇసక మూట అదిమి వేడి చేసి, బాలింతల నడుముకీ, పసిపిల్లల వీపుకీ, ముసలాళ్ళ మోకాళ్ళకీ పెట్టడం చిట్టమ్మ పని. ఎవరూ ఆమెకి ఇంత అని ఇచ్చేది లేదు. పేటలో పురుడొస్తే ఆమెకి కబురొస్తుంది, ఆమె వెళ్తుంది. బిడ్డ పుట్టిన మూడో రోజు నుంచి నలభై రోజులు, పొద్దునా సాయంత్రం. ఆ ఇసక కూడా ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాదు. సముద్రం పోటెత్తి వెనక్కి తగ్గాక ఒడ్డు మీద ఒక నల్లటి చార మిగులుతుంది. ఆ చార మీది ఇసకని కొబ్బరి చిప్పతో పైపైన గీసి తెస్తుంది. మామూలు ఇసక కన్నా బరువు. ఒకసారి వేడెక్కితే ఓ పట్టాన చల్లారదు.

"ఏటొదినా, పెనం దించీసినావా?" పక్కింటి నారాయణమ్మ గోడ మీంచి తల పెట్టింది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. ఆమె కూతురు మొన్న ఆస్పత్రిలో ఆడపిల్లని కంది.

"దించినాను. తుప్పట్టీసినాది, సూడు. సింతపండెట్టి తోమాల."

"మూడు గంటలకి ఆటో వత్తది. నీళ్ళు పోసీసరికి నాలుగు. నువ్వు నాలుక్కి వచ్చీ. మా అల్లుడు ఫోన్ల అంతన్నాడు, కాపడాలూ గీపడాలూ ఒద్దత్తా అని. నాను ఊరుకుంతానా? ఒరే బాబూ, నువ్వు పుట్టినప్పుడు నీ అమ్మకి ఎవులు పెట్టినారో అడుగు, అప్పుడు మాటాడు అన్నాను."

చిట్టమ్మ నవ్వింది. అత్త నవ్వు విని ఎన్నాళ్ళయిందో ధనశ్రీ లెక్క పెట్టుకోబోయి మానేసింది.

"ఎవులు పెట్టినారేటి?" అంది చిట్టమ్మ, తెలిసే.

"నువ్వే కదే! ఆడి ఈపు అంత తిన్నగా ఎలాగున్నాదనుకుంతన్నావ్?" నారాయణమ్మ నవ్వుతూ గోడ దిగిపోయింది.

ఎనిమిది నెలల కిందట చిట్టమ్మ కూతురు ఇంద్రజకి రక్తం క్యాన్సర్ అని తేలింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కూర్మన్నపాలెంలో అత్తవారిల్లు. మొగుడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. మొదటి విడత మందు ఎక్కించి ఇంటికి పంపిన రోజు ఇంద్రజ అత్తగారు ఇదే గుమ్మంలో నిలబడి, "మా ఇంటా ఒంటా లేదీ రోగం. టీవీలో సెప్పినారు, ఆ నల్లిసకలో ఏదో ఉంతదంట. మీరే పుట్టినప్పట్నించీ ఆ ఇసకతో ఒండీసినారు పిల్లని," అని పిల్లని దింపేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెనం అటక ఎక్కింది. ఇసక డబ్బా మంచం కిందికి పోయింది. ఆ తరవాత పేటలో మూడు పురుళ్ళొచ్చాయి. కబుర్లు వచ్చాయి. చెయ్యి నొప్పి అని చెప్పి పంపేసింది.

పేటలోకి జ్యోతిర్మయి వచ్చింది ఆ రోజుల్లోనే. శ్రీకాకుళం వైపు రైతుల పిల్ల, ఏదో పరిశోధన సంస్థలో ఉద్యోగం. ఈ ఒడ్డున ఇసక లోంచీ నేల లోంచీ మనుషుల మీద ఏడాదికి రేడియేషన్ ఎంత పడుతోందో కొలవాలి, దాన్ని బట్టి జబ్బుకి ఎంత అవకాశం పెరుగుతుందో అంచనా కట్టాలి. అందుకు నలభై ఇళ్ళలో బ్యాడ్జీలు పెట్టాలి. ఇళ్ళ వాళ్ళకి తెలిసిన మనిషి, రాయడం వచ్చిన మనిషి కావాలంది. ధనశ్రీ ఇంటర్ చదివింది. పొద్దున్న కంచరపాలెం బజారుకి చేపల బుట్టతో వెళ్ళి పదకొండుకి వచ్చేస్తుంది. ఆ తరవాత ఖాళీయే.

బ్యాడ్జీ అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీ. లోపల గోరంత తెల్ల బిళ్ళ. మూడు నెలలు పడుకునే గదిలో, మంచం పక్క గోడకి వేలాడదీయాలి. దాని మీద పడిందంతా ఆ బిళ్ళ దాచుకుంటుంది. తరవాత ల్యాబులో చదువుతారు. "ఎండలో పెట్టకండి, పొయ్యి దగ్గర పెట్టకండి, విప్పకండి." ఈ మూడు ముక్కలూ ధనశ్రీ ముప్పై తొమ్మిది ఇళ్ళలో చెప్పింది. ముసలాళ్ళకి రెండేసి సార్లు చెప్పింది. నలభయ్యో ఇల్లు తనది. తనింట్లో తనే ఉంటుంది కదా అని, ఇంద్రజ మంచం పైన మేకు కొట్టి తగిలించి ఊరుకుంది.

"ఏటే అది?" అని అత్త అడిగితే మాత్రం, "దాని మీద ఏటి పడితే అది గుర్తెట్టుకుంతాది అత్తా. ఇసకలోది ఎంత ఒంట్లోకి వత్తందో అదే సెప్తాది," అంది.

చిట్టమ్మ ఆ డబ్బీని చాలాసేపు చూసింది.

కాగితాలు వచ్చి వారమైంది. జ్యోతిర్మయి ఒక్కో ఇంటికీ వెళ్ళి ఒక్కో కాగితం ఇచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి ఇలాగే నెత్తళ్ళు ఎండేసి ఉన్నాయి. ఆ వలగుడ్డ పక్కనే చతికిలబడి, చేపల్నే చూపించి చెప్పింది.

"అమ్మా, ఇవి నూరు చేపలనుకోండి. ఏ ఊళ్ళో అయినా నూరు మందిని తీసుకుంటే పది పదకొండు మందికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక క్యాన్సర్ వస్తుంది. ఇసకున్నా వస్తుంది, లేకపోయినా వస్తుంది." పదకొండు చేపల్ని పక్కకి జరిపింది. "ఇసక ఎక్కువున్న ఇంట్లో పుట్టి అరవై ఏళ్ళు బతికితే ఈ పదకొండూ పన్నెండు కావచ్చు. కాకపోవచ్చు కూడా. మేం కట్టేది అంచనా. అంతకు మించి మాకూ తెలీదు."

చిట్టమ్మ ఆ పన్నెండో చేప వైపే చూస్తోంది. "ఆ పన్నెండోది నా బిడ్డేనేటమ్మా?"

"అది ఎవరూ చెప్పలేరమ్మా. పన్నెండిట్లో ఏది ఇసక వల్ల వచ్చిందో ఏ చేప మీదా రాసుండదు."

"మరి మా ఇల్లు?"

జ్యోతిర్మయి కాగితం తీసింది. "మీ ఇల్లు నలభై ఇళ్ళలోకీ తక్కువ. ఏడాదికి ఒకటీ పాయింట్ నాలుగు. పక్కింటి నారాయణమ్మగారిది అయిదూ పాయింట్ రెండు." అని ఆగి, మధ్య గోడ వైపు ఓసారి, నేల వైపు ఓసారి చూసింది. "రెండిళ్ళూ ఒకేసారి కట్టారా?"

"ఒక్కసారే. ఒక్క మేస్త్రీ," అంది చిట్టమ్మ. ఆమె ఇక ఏమీ వినడం లేదు. కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి ఇంద్రజ చేతిలో పెట్టింది. "సదువు. పైకి సదువు."

ఇంద్రజ చదివింది. చదివి, జుట్టంతా రాలిపోయిన తల తడుముకుంటూ, "అయితే ఈ కొబ్బరి బోండాం నీ పని కాదన్నమాట," అంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఏడ్చారో నవ్వారో ధనశ్రీకి బయటికి సరిగ్గా తెలియలేదు.

ఆ వేళ ధనశ్రీకి ఒక్క సంగతి గుర్తొచ్చింది. బ్యాడ్జీలు తిరిగి సేకరించినప్పుడు తమ ఇంటి డబ్బీ అంచున తెల్ల పట్టీ అంటించి ఉంది. ఇంద్రజ చేతికి సూది నిలవడానికి ఆస్పత్రిలో వేసే పట్టీ. మేకు మీంచి పడి పగిలుంటుందిలే, అత్త అంటించిందిలే అనుకుంది. నలభై డబ్బీల సంచీ అప్పచెప్పే తొందరలో రాయాల్సిన చోట రాయలేదు.

వారం రోజులుగా ఆ పట్టీ ఆమె కళ్ళ ముందు కదులుతూనే ఉంది. అత్త వేళకి అన్నం తింటోంది, నిద్రపోతోంది, కూతురి కాళ్ళు ఒత్తుతూ పాత కబుర్లు చెబుతోంది. అలాంటప్పుడు ఏమని కదిలించడం? ఇవాళ పెనం దిగింది. నాలుగింటికి ఆ మూట మూడు రోజుల పిల్ల వీపు మీద ఉంటుంది.

ధనశ్రీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. చిట్టమ్మ మంచం కింది నుంచి డబ్బా లాగి, ఇసకని పాత నేత చీర ముక్కలోకి చిప్పతో పోస్తోంది.

"అత్తా, ఒక మాట అడుగుతాను. గోడనున్న డబ్బీ నువ్వు విప్పినావా?"

చిట్టమ్మ తల ఎత్తింది. దొంగతనం బయటపడ్డ ముఖం కాదది. అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందేమిటి అన్నట్టుంది.

"ఇప్పినాను."

"ఎందుకు?"

"గోడకి ఎలాడితే దానికేటి తెలుస్తాదే? నా బిడ్డ గోడకి ఎలాడినాదా?" చిట్టమ్మ మూట ముడేసి బిగించింది. "ఇంద్రజకి ఎలాగ సేసినానో దానికీ అలాగే సేసినాను. నువ్వు పొద్దున్న బజారుకెల్తావు, సాయంత్రం పడవలకాడికి ఎల్తావు. నువ్వెల్లగానే ఆ బిళ్ళ ఊడదీసి మూటలో ఎట్టీదాన్ని. పిలాస్టిక్ కరిగిపోద్ది కదా, అందుకని ఒట్టి బిళ్ళే. చిన్న పెనం మీద మూట ఏడి సేసి, నా పొట్ట మీద పెట్టుకునీదాన్ని. మళ్ళా ఏడి సెయ్యడం, మళ్ళా పెట్టడం. నలభై రోజులు. ఒక్క పూట తప్పలేదు. నువ్వొచ్చీసరికి డబ్బీలో పెట్టి తగిలించీసీదాన్ని." ఆమె మూట మీద అరచెయ్యి ఆనించింది. "నా సేతుల్లో ఏటున్నాదో ఉన్నదున్నట్టు సెప్పు అని దాన్ని అడిగినాను. సెప్పినాది. అందరికన్నా తక్కువని సెప్పినాది."

మంచం మీద ఇంద్రజ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "నాకు తెలుసొదినా," అంది అటు తిరిగే. "నాను సూస్తానే ఉన్నాను. సెప్పొద్దన్నాది."

ధనశ్రీ ఫోను పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఎండిన చేపల మీద కాకి వాలుతుంటే తోలింది. ఆ దూరాన యారాడ కొండ, కొండ కింద హార్బరు లోపలికి వెళ్ళే వంతు కోసం నిలబడ్డ ఓడలు. ఆమెకి ఫోను చెయ్యాలని లేదు. చెయ్యకపోతే ఏమవుతుందో అటు నుంచి ఇటు ఆలోచించింది. ఒక పసిపిల్లకి కాపడం పెడతారు. అత్తకి పెట్టారు, ఇంద్రజకి పెట్టారు, తన మొగుడు మోహన్‌కి పెట్టారు. మోహన్ ఇప్పుడు సముద్రం మీద వేటలో రాయిలా ఉన్నాడు. ఏమీ కాకపోవచ్చు. కాకపోవచ్చు అన్న మాటని ఎంతసేపు తిప్పినా దానికి రెండో వైపు కూడా ఉంటోంది.

జ్యోతిర్మయి మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారే అడిగింది. "పెనం మీదా? నేరుగా మూట పెనం మీదే పెట్టి వేడి చేశారా?"

"అవును మేడం. రోజుకి రెండు పూటలు."

"అయ్యో ధనా. ఆ బిళ్ళని మేం చదివేదే వేడి చేసి. దాచుకున్నదంతా వేడికి వెలుగై బయటికి వచ్చేస్తుంది, ఆ వెలుగుని కొలుస్తాం. పెనం మీద పెట్టిన ప్రతిసారీ కొంత పోయుంటుంది. నలభై రోజులంటే మా దగ్గరికి వచ్చేసరికి అందులో మిగిలింది ఎంతో, పోయింది ఎంతో ఎవరికీ తెలీదు. ఆ ఒకటీ పాయింట్ నాలుగు ఆ ఇంటిది కాదు. మూటది కూడా కాదు."

"అయితే ఎక్కువున్నట్టా మేడం?"

"ఎక్కువనీ అనలేను. తెలీదు. గోడ అవతల అయిదుంటే ఇవతలా అంతే ఉండాలి. ఆ మూటలో ఇసక ఏరి తెచ్చిన నల్లది కనక, దానికి దగ్గరగా ఇంకా ఎక్కువ ఉంటుంది. అయినా రోజుకి ఓ గంట, నలభై రోజులు... అంచనా కడితే చాలా చిన్నదే వస్తుంది ధనా. ఆ పిల్ల జబ్బు దాని వల్లేనని ఏ లెక్కా చెప్పదు." ఊపిరి పీల్చుకుంది. "కాదని కూడా చెప్పదు. నేను ఎల్లుండి వచ్చి ఇసక కొలుస్తాను. కొలిచేదాకా పసిపిల్ల మీద పెట్టొద్దని చెప్పు. పిల్లలకి చిన్నదైనా ఎందుకు?"

ఫోను పెట్టేశాక ధనశ్రీ నెత్తళ్ళని ఓసారి తిరగేసింది. ఒక్కొక్కటే, తొందర లేకుండా. లోపలి నుంచి కాలుతున్న నూలుగుడ్డ వాసన వస్తోంది. చిట్టమ్మ పెనం తోమి, పొయ్యి మీద పెట్టి, నాలుగింటికి ముందు ఓసారి మూట సరిచూసుకుంటోంది. వేడి సరిపోయిందో లేదో తన బుగ్గకి ఆనించి చూసుకోవడం ఆమె అలవాటు.

"ఎవులకి ఫోను సేసినావే?"

ధనశ్రీ చెప్పింది. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట కలపలేదు. మేడం ఏ వరసలో చెప్పిందో ఆ వరసలోనే చెప్పింది. తప్పు తనదని కూడా చెప్పింది. ముప్పై తొమ్మిది ఇళ్ళలో చెప్పిన ముక్క ఈ ఇంట్లో చెప్పలేదని, పట్టీ చూసి కూడా రాయలేదని.

చిట్టమ్మ మూటని బుగ్గ మీంచి తియ్యలేదు. "అయితే అది నాకేటీ సెప్పలేదా?"

"లేదత్తా."

"నలభై రోజులు అడిగినాను."

"నువ్వు ఏడి సేసినావు. దాంట్లో ఉన్నది పోయినాది."

"అంటే ఉన్నాదా?"

"తెల్దు అత్తా. మేడంకీ తెల్దు. ఉన్నా శానా సిన్నది అన్నాది. ఇంద్రజకి దీని వల్లేనని ఎవులూ సెప్పలేరు."

"కాదని సెప్తారా?"

ధనశ్రీ నోరు తెరిచింది. అవునంటే ఈ ముసలి ప్రాణం ఇవాళ రాత్రి నిద్రపోతుంది. రేపు పొద్దున్న పక్కింటికి వెళ్తుంది, ఎల్లుండి కూడా వెళ్తుంది. "సెప్పరత్తా," అంది.

ఇంద్రజ మంచం మీద లేచి కూర్చుంది. సన్నటి చేతులు రెండూ వెనక్కి ఆనించి, "అమ్మా, ఇలా సూడు," అంది. "నాకేటీ కోపం లేదు. నువ్వు ఎట్టిన ఏడికే కదా నాను పడుకునీదాన్ని. ఇప్పుడూ ఎట్టు. నా కాల్లకి ఎట్టు, శానా లాగుతన్నాయి. నాకు ఇంకేటి అయిపోద్ది?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకీ వెంటనే తెలిసింది. చిట్టమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపు కాళ్ళ మీద మొదలై, పైకి పోయి, జుట్టు లేని తల దగ్గర ఆగింది. మూట బుగ్గ మీంచి దించింది. ఆనించిన మేర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

మధ్య గోడ అవతల ఆటో ఆగింది. చెప్పినదానికన్నా ముందే వచ్చేశారు. నారాయణమ్మ గొంతు, ఎవరో దిష్టి నీళ్ళు తెమ్మనడం, వాటి మధ్యన సన్నగా, పిల్లి కూతలా కొత్త ఏడుపు.

చిట్టమ్మ పొయ్యి ఆర్పింది. మూట ముడి వేళ్ళకి లొంగలేదు. పంటితో లాగింది. ఇసకని డబ్బాలోకి వంపింది. గుడ్డ దులిపి, మడతల్లో ఇరుక్కున్న రేణువుల్ని కూడా గోటితో రాల్చి డబ్బాలో వేసింది. నేల మీద పడ్డవాటిని అరచేత్తో ఒత్తి తీసింది. మూత పెట్టింది. పెనం వేడిగానే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"అత్తా, నాను వత్తాను, బరువుంటాది," అని ధనశ్రీ ముందుకి వెళ్ళింది. చిట్టమ్మ ఆమె చేతిని పక్కకి తప్పించింది, విసురుగా కాదు. డబ్బాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు నడుం మీదికి ఎత్తుకుంది.

"ఏటొదినా, ఇప్పుడే వత్తన్నావా? ఇంకా నీల్లు పొయ్యలేదే! పిల్లని సూద్దువు రా, అచ్చం..." నారాయణమ్మ తన గుమ్మంలోంచి పిలుస్తోంది.

చిట్టమ్మ నెత్తళ్ళు ఎండేసిన వలగుడ్డని దాటి, ఆ గుమ్మం ముందు ఆగకుండా, ఆ ఇసక గీసి తెచ్చిన నల్ల చార మీదుగా కెరటాల వైపు వెళ్ళిపోయింది.